లైసెన్సు ఖర్చు గోరంత.. జాప్యం ఖరీదు కొండంత

తీర గ్రామాలకు దూరంగా ఉపశమన వైద్యం
హాస్పిస్‌ల అనుమతి, తనిఖీలపై ప్రభుత్వం పెట్టాల్సిన వ్యయమెంత?

నెల్లూరు: ‘ఇక చేయగలిగింది లేదు, ఇంటికి తీసుకువెళ్లండి’. వ్యాధి ముదిరిన రోగుల బంధువులకు పెద్దాసుపత్రుల్లో తరచూ వినిపించే మాట ఇది. కావలి మండలంలోని తుమ్మలపెంట మొదలుకొని జువ్వలదిన్నె, ఇస్కపల్లి, రామతీర్థం, మైపాడు మీదుగా కృష్ణపట్నం వరకు విస్తరించిన నెల్లూరు తీరంలో ఈ మాట విని చెన్నై నుంచో, తిరుపతి నుంచో మరలివచ్చే కుటుంబాలకు కొదవ లేదు. అక్కడితో వైద్యం ముగిసినా బాధ ముగియదు. క్యాన్సర్ ఎముకలకు పాకిన రోగికి రాత్రి కునుకు ఉండదు. పక్షవాతంతో మంచం పట్టిన వృద్ధునికి పడక పుండ్లు తప్పవు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిని ఆయాసం, దురద, వాంతులు వేధిస్తాయి. వ్యాధిని నయం చేయలేకపోయినా ఈ బాధలను చాలావరకు తగ్గించగల వైద్యం ఉంది. దానినే పాలియేటివ్ కేర్ లేదా ఉపశమన వైద్యం అంటున్నారు. అవసాన దశలో ఆ సేవలను అందించే సంస్థే హాస్పిస్.

ఇటువంటి సేవను ఎవరైనా ప్రారంభించాలంటే ప్రభుత్వ అనుమతులు అవసరం. అనుమతి ఇవ్వడానికీ, ఇచ్చిన తరువాత తనిఖీ చేయడానికీ ప్రభుత్వానికి కొంత ఖర్చవుతుంది. ఈ ఖర్చు భారమనే భావనతో విషయాన్ని పక్కన పెట్టడం ఎంతవరకు సమంజసం? ఖర్చు లేకుండా అనుమతులు పంచిపెడితే ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం వెదికితే తేలేది ఒక్కటే. లైసెన్సు ఇవ్వడానికి ప్రభుత్వం వెచ్చించాల్సింది స్వల్పం. దానిని సకాలంలో వెచ్చించకపోతే ఆ భారమంతా రోగి కుటుంబంపైనే పడుతుంది.

అవసరం ఎంత.. అందుతున్నది ఎంత?

ప్రపంచవ్యాప్తంగా ఏటా 5.68 కోట్ల మందికి ఉపశమన వైద్యం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అందుకుంటున్నవారు సుమారు 14 శాతం మాత్రమే. మన దేశంలో ఇది ఐదు శాతానికి లోపేనని నిపుణులు చెబుతూ వస్తున్నారు. 2014 మే నెలలో జరిగిన ప్రపంచ ఆరోగ్య సభ ఈ వైద్యాన్ని ప్రతి దేశం తన ఆరోగ్య వ్యవస్థలో అంతర్భాగం చేయాలని తీర్మానించింది. మన కేంద్ర ప్రభుత్వం అంతకు రెండేళ్ల ముందే, 2012లో, జాతీయ ఉపశమన వైద్య కార్యక్రమాన్ని రూపొందించింది. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాలు అందించాల్సిన 12 రకాల సేవలలో వృద్ధుల సంరక్షణతో పాటు ఉపశమన వైద్యాన్ని కూడా చేర్చింది.

కాగితంపై లోటు లేదు. లోటంతా కాగితానికీ, పాళెంలోని మంచానికీ మధ్యనే ఉంది. జాతీయ కార్యక్రమానికి ప్రత్యేక బడ్జెట్ పద్దు లేదు. అసాంక్రమిక వ్యాధుల నివారణకు జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఇచ్చే నిధులలోనే దీనికీ వాటా చూసుకోవాలి. ఆ మిషన్ వ్యయంలో కేంద్రం 60 శాతం, మన రాష్ట్రం 40 శాతం భరించాలి. రాష్ట్రం తన వార్షిక ప్రణాళికలో అడిగితేనే నిధులు వస్తాయి. మధుమేహం, రక్తపోటు పరీక్షల వంటి పెద్ద కార్యక్రమాల సరసన మరణశయ్యపై ఉన్నవారి కోసం అడిగే గొంతు సహజంగానే బలహీనం.

నెల్లూరు వైద్య వనరులు లేని పట్టణమేమీ కాదు. ప్రభుత్వ సర్వజనాసుపత్రి, దానికి అనుబంధంగా ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల, ప్రైవేటు రంగంలో నారాయణ వైద్య కళాశాల, ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీ నిర్వహణలో క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. కావలిలో ఏరియా ఆసుపత్రి ఉంది. తిరుపతిలో టాటా ట్రస్టుల సహకారంతో నిర్మించిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో ప్రారంభమైంది. చెన్నై అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954 నుంచీ మన జిల్లా రోగులకు అందుబాటులో ఉంది. అయితే ఇవన్నీ చికిత్సాలయాలు. రోగి వాటి దగ్గరకు వెళ్లాలి. కదలలేని రోగి దగ్గరకు సేవ రావాలన్నదే హాస్పిస్ సూత్రం.

ఒక్క సేవ.. తలుపులు అనేకం

హాస్పిస్ పేరుతో ప్రత్యేక లైసెన్సు చట్టం మన రాష్ట్రంలో లేదు. అందువల్ల ఒక స్వచ్ఛంద సంస్థ పది పడకల కేంద్రం తెరవాలనుకుంటే వేర్వేరు కార్యాలయాల తలుపులు తట్టక తప్పదు. ప్రైవేటు వైద్య సంస్థల నమోదుకు 2002లో చేసిన రాష్ట్ర చట్టం ప్రకారం జిల్లా వైద్య ఆరోగ్య శాఖ వద్ద రిజిస్టరు కావాలి. ఈ నమోదు ఐదేళ్లు చెల్లుతుంది. సూదులు, కట్లు, ఇతర వైద్య వ్యర్థాల కోసం 2016 నాటి నిబంధనల మేరకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలి. భవనానికి అగ్నిమాపక భద్రత చూపాలి. వృద్ధాశ్రమంతో కలిపి నడిపితే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంక్షేమ చట్టం పరిధిలోని నిబంధనలు తోడవుతాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది మత్తుమందుల చట్టం కింద లభించే గుర్తింపు.

పెద్ద కార్పొరేట్ ఆసుపత్రికి ఈ పనులు చూసేందుకు ప్రత్యేక సిబ్బంది ఉంటారు. హాస్పిస్‌కు ఆ స్తోమత ఉండదు. అక్కడ శస్త్రచికిత్సలు జరగవు, స్కానింగులు ఉండవు, బిల్లులు రావు. దేశంలో చాలా హాస్పిస్‌లు విరాళాలపైనే నడుస్తున్నాయి. 1986లో ముంబయిలో ఆరంభమైన శాంతి అవేదన సదన్ మన దేశపు తొలి హాస్పిస్‌గా పేరొందింది. హైదరాబాదులో రోటరీ క్లబ్ ఆఫ్ బంజారాహిల్స్ చొరవతో 2011లో మొదలైన స్పర్శ్ హాస్పిస్ రోగుల నుంచి రుసుము తీసుకోకుండా సేవ చేస్తోంది. రాబడి లేని ఇటువంటి సంస్థకు, రాబడే లక్ష్యంగా ఉన్న ఆసుపత్రికి ఒకే వరుసలో ఒకే రకం దరఖాస్తులు పెట్టడం న్యాయమా అన్నది ఆలోచించాల్సిన విషయం.

మార్ఫిన్ చిక్కుముడి

ఉపశమన వైద్యానికి ప్రాణం నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్. తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి దీనిని మించిన చవకైన మందు లేదు. మాత్ర ధర కొద్ది రూపాయలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో ఇది ఉంది. దీనికి ముడిసరుకైన నల్లమందును మన దేశమే ప్రభుత్వ పర్యవేక్షణలో పండిస్తోంది. ఘాజీపూర్, నీమచ్‌లలోని ప్రభుత్వ కర్మాగారాలు శుద్ధి చేస్తున్నాయి. ఇంత ఉన్నా మందు రోగికి చేరలేదు. కారణం 1985 నాటి మత్తుమందుల నియంత్రణ చట్టం. స్మగ్లర్లను దృష్టిలో పెట్టుకొని చేసిన ఆ చట్టం కింద ఒక ఆసుపత్రి మార్ఫిన్ కొనాలంటే ఎక్సైజ్, ఔషధ నియంత్రణ శాఖల నుంచి నాలుగైదు లైసెన్సులు ఒకే సమయంలో చెల్లుబాటులో ఉండాల్సి వచ్చేది. ఒకటి వచ్చేసరికి మరొకటి గడువు తీరిపోయేది. ఫలితంగా 1985 తరువాత పన్నెండేళ్లలో దేశంలో వైద్య అవసరాలకు మార్ఫిన్ వినియోగం సుమారు 97 శాతం పడిపోయింది.

చట్టం ఉద్దేశం రోగిని శిక్షించడం కాకపోయినా, ఆచరణలో జరిగింది అదే. లైసెన్సు వ్యవస్థకు అయ్యే ఖర్చు అంటే సిబ్బంది జీతాలు, వాహనాల ఇంధనమే అనుకుంటాం. ఆ పన్నెండేళ్లలో లెక్కకు రాని నొప్పి కూడా ఆ ఖర్చులో భాగమే.

2014లో పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్ అనే ఆరు మందులను అత్యవసర మాదకద్రవ్య ఔషధాలుగా గుర్తించారు. 2015 మే నెలలో వెలువడిన నిబంధనలతో పలు లైసెన్సుల స్థానంలో ఒకే గుర్తింపు వచ్చింది. రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి ఒక ఆసుపత్రిని గాని, హాస్పిస్‌ను గాని ‘గుర్తింపు పొందిన వైద్య సంస్థ’గా ప్రకటిస్తే చాలు. దానికి ప్రధాన షరతు ఉపశమన వైద్యంలో శిక్షణ పొందిన వైద్యుడు ఉండటం. ఏటా ఎంత మందు కావాలో అంచనా పంపాలి. ఎంత వచ్చింది, ఎవరికి ఎంత ఇచ్చారు అన్నది రికార్డు చేయాలి. ఏడాది చివర లెక్క అప్పజెప్పాలి.

అంటే ఈ రంగంలో లైసెన్సు రాజ్యానికి పార్లమెంటు ఏనాడో స్వస్తి పలికింది. మిగిలిన పని రాష్ట్రాలది, జిల్లాలది. గుర్తింపు లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మార్ఫిన్ నిల్వ చేయలేదు. అక్కడ పారాసిటమాల్, డైక్లోఫెనాక్ దొరకవచ్చు. ఎముకలు పిండే నొప్పికి అవి ఏ మూలకూ చాలవు.

ఖజానాపై భారమెంత?

అమెరికాలో రాష్ట్ర శాసనసభలు హాస్పిస్‌ల లైసెన్సు బిల్లులను చర్చించేటప్పుడు ఒక ఆర్థిక పత్రాన్ని జత చేస్తారు. ఎంతమంది తనిఖీదారులు కావాలి, వారి జీతభత్యాలెంత, రుసుముల ద్వారా ఎంత తిరిగివస్తుంది అన్నది అందులో ఉంటుంది. మన శాసనసభలోనూ ఖర్చుతో కూడిన బిల్లుకు ఆర్థిక మెమొరాండం జత చేయాలన్న నిబంధన ఉంది. ఉపశమన వైద్యానికి అటువంటి లెక్క జిల్లా స్థాయిలో వేసి చూస్తే భయపడాల్సిందేమీ కనబడదు.

ఉదాహరణకు తీర మండలాలకు సేవలందించేలా ప్రభుత్వ, స్వచ్ఛంద, ప్రైవేటు సంస్థలు కలిపి 6 చోట్ల ఈ వైద్యం మొదలైందనుకుందాం. ఏటా ఒక్కో సంస్థకు డ్రగ్ ఇన్‌స్పెక్టర్, వైద్యాధికారి కలిసి వెళ్లి ఒక రోజు తనిఖీ చేస్తే రెండు పనిదినాలు. రికార్డుల పరిశీలన, నివేదికకు మరొకటి. చూపిన లోపాలు సరిదిద్దారో లేదో మళ్లీ వెళ్లి చూసేందుకు ఇంకొకటి. మొత్తం నాలుగు. ఆరు సంస్థలకు కలిపి ఏడాదికి 24 పనిదినాలు. ఒక ఉద్యోగికి సంవత్సరంలో సుమారు 240 పనిదినాలు అనుకుంటే, ఇది ఒక్క ఉద్యోగి శ్రమలో పదోవంతు. ఈ అంచనాను రెట్టింపు చేసినా కొత్త పోస్టు ఒక్కటి కూడా సృష్టించాల్సిన అవసరం రాదు.

అసలు ఖర్చు మరోచోట ఉంది. అది శిక్షణ. ఒక్కో సంస్థ నుంచి ఒక వైద్యుడు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టుకు పది రోజుల చొప్పున శిక్షణ ఇవ్వాలంటే ఆరు సంస్థల నుంచి 18 మంది, 180 పనిదినాలు. తనిఖీ వ్యయానికి ఇది ఏడున్నర రెట్లు. పైగా ప్రభుత్వ వైద్యులకు బదిలీలు సహజం. శిక్షణ పొందిన ఏకైక వైద్యుడు బదిలీ అయితే షరతు తప్పినట్లే. గుర్తింపు పత్రం గోడపై వేలాడుతున్నా మార్ఫిన్ బీరువాకు తాళం పడుతుంది. అందువల్ల ప్రతి సంస్థలో కనీసం ఇద్దరు వైద్యులకు శిక్షణ ఇవ్వడం విలాసం కాదు, అవసరం. లైసెన్సు వ్యయాన్ని దస్త్రాల ఖర్చుగానే చూస్తే ఈ విషయం మరుగున పడిపోతుంది.

ఇక రుసుముల విషయం. తనిఖీ ఖర్చును సంస్థల నుంచే వసూలు చేయాలన్న వాదన వినసొంపుగా ఉంటుంది. లాభాల కోసం నడిచే ఆసుపత్రుల విషయంలో అది సబబే. ఉచిత సేవ చేసే హాస్పిస్ నుంచి తీసుకునే ప్రతి రూపాయీ మందుల డబ్బులోంచి వచ్చేదే. ప్రభుత్వ ఆసుపత్రి నుంచి తీసుకుంటే కుడి జేబులోంచి ఎడమ జేబుకు మార్చడమే. ఆరు సంస్థలపై వచ్చే రుసుము ఖజానాను నింపదు. మాఫీ చేస్తే ఖజానా ఖాళీ కాదు.

చౌక లైసెన్సుకు భారీ మూల్యం

అలాగని అడిగినవారికల్లా అనుమతులు ఇచ్చి చేతులు దులుపుకోవడం మరింత ప్రమాదం. అమెరికా అనుభవం ఇందుకు నిదర్శనం. అక్కడి కేంద్ర ప్రభుత్వం వృద్ధుల ఆరోగ్య బీమా పథకం మెడికేర్ ద్వారా 1983 నుంచి హాస్పిస్ సేవలకు రోజువారీ లెక్కన చెల్లిస్తోంది. డబ్బు హామీగా రావడంతో వ్యాపార సంస్థలు రంగప్రవేశం చేశాయి. తనిఖీలు ఏళ్ల తరబడి జరగని పరిస్థితి ఏర్పడగా, కనీసం మూడేళ్లకొకసారి తనిఖీ తప్పనిసరి చేస్తూ 2014లో చట్టం చేయాల్సి వచ్చింది. 2012 - 2016 మధ్య తనిఖీ చేసిన హాస్పిస్‌లలో 80 శాతానికి పైగా సంస్థలలో కనీసం ఒక లోపమైనా బయటపడిందని ఆ దేశ ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2019లో వెల్లడించింది.

కాలిఫోర్నియా రాష్ట్రంలో పరిస్థితి మరీ విషమించింది. లాస్ ఏంజెలెస్ కౌంటీలో 2010 తరువాత హాస్పిస్ సంస్థల సంఖ్య 1500 శాతం పెరిగిందని, దానికి తగ్గట్లు వృద్ధుల జనాభా పెరగలేదని రాష్ట్ర ఆడిటర్ 2022 మార్చిలో తేల్చారు. లేని రోగుల పేరుతో బిల్లులు, మరణానికి దగ్గరలో లేని వారిని చేర్చుకోవడం వంటి అక్రమాలకు ఆస్కారం ఏర్పడింది. చివరకు 2022 జనవరి నుంచి కొత్త లైసెన్సుల జారీని నిలిపివేయాల్సి వచ్చింది. తనిఖీదారుల జీతం మిగుల్చుకోబోయిన ప్రభుత్వం దానికి ఎన్నో రెట్లు బోగస్ బిల్లులకు ధారపోసినట్లయింది. నిజాయతీగా పనిచేసే సంస్థలకు కూడా తలుపులు మూసుకుపోయాయి.

మన దగ్గర ఉపశమన వైద్యానికి అటువంటి చెల్లింపులు లేవు. ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ప్రధానంగా ఆసుపత్రి చికిత్సల చుట్టూ అల్లినది. రేపు ఈ పథకంలో ఇంటివద్ద ఉపశమన సేవలను చేరిస్తే అమెరికా గుణపాఠం మనకూ వర్తిస్తుంది. డబ్బు విడుదలకు ముందే తనిఖీ వ్యవస్థ సిద్ధంగా ఉండాలి.

కృష్ణపట్నం చెప్పిన సత్యం

పర్యవేక్షణ ఆలస్యమైతే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా వెళ్లనక్కరలేదు. 2021 మే నెలలో కొవిడ్ రెండో విడత విజృంభిస్తున్న వేళ ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య ఇస్తున్న మందు కోసం రాష్ట్రాల సరిహద్దులు దాటి జనం తరలివచ్చిన ఉదంతం జిల్లా ప్రజలకు గుర్తే. వేలమంది గుమికూడిన తరువాతే యంత్రాంగం కదిలింది. పంపిణీ నిలిపివేసి, ఆయుష్ విభాగం, కేంద్ర ఆయుర్వేద పరిశోధన సంస్థలతో పరిశీలన జరిపించి, మే 31న కంటి చుక్కలు మినహా మిగిలిన వాటికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. పోలీసు బందోబస్తు, నిపుణుల బృందాలు, న్యాయస్థానంలో వాదనలు.. అన్నీ హడావుడిగా, ఒత్తిడి నడుమ జరిగాయి.

ఆ మందు మంచిచెడ్డల చర్చ ఇక్కడ అప్రస్తుతం. గమనించాల్సింది ఒక్కటే. ఉపశమనం దొరుకుతుందన్న ఆశ ఉన్నచోటికి బాధలో ఉన్నవారు అనుమతి పత్రం చూసి వెళ్లరు. శాస్త్రీయమైన, పర్యవేక్షణలో ఉన్న సేవ చేరువలో లేకపోతే ఆ ఖాళీని ఎవరో ఒకరు నింపుతారు. ముదిరిన క్యాన్సర్ రోగుల కుటుంబాలు ఆఖరి దశలో అప్పులు చేసి ఊరూరా నాటుమందుల కోసం తిరగడం వెనుక ఉన్నది ఈ ఖాళీయే.

పొరుగు రాష్ట్రాల దారి

కేరళలో 1993లో కోజికోడ్ వైద్య కళాశాల ఆవరణలో చిన్న క్లినిక్‌గా మొదలైన ఉపశమన వైద్యం ఒక ప్రజా ఉద్యమంగా మారింది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. గ్రామ పంచాయతీలు తమ ప్రణాళిక నిధులతో నర్సును నియమించి మంచం పట్టిన రోగుల ఇళ్లకు పంపుతున్నాయి. లైసెన్సు ఉన్న కేంద్రం ఒకటి ఉంటే దాని పర్యవేక్షణలో ఇంటింటి సేవ పదుల గ్రామాలకు విస్తరించవచ్చని కేరళ నిరూపించింది.

తెలంగాణలో హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉపశమన విభాగం అనుభవాన్ని ఆసరాగా చేసుకుని జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రులలో పాలియేటివ్ కేర్ కేంద్రాలను ఏర్పాటు చేశారు. కొన్ని పడకలు, శిక్షణ పొందిన వైద్యుడు, నర్సులు, ఇళ్లకు వెళ్లేందుకు ఒక వాహనం.. ఇదే నమూనా. ఉన్న ఆసుపత్రి ఆవరణలోనే పెట్టడం వల్ల భవనానికీ, వ్యర్థాల నిర్వహణకూ వేరే అనుమతుల వెంట పరుగెత్తాల్సిన పని తగ్గింది. ఖర్చు తగ్గించే మార్గం తనిఖీలను ఎత్తివేయడంలో లేదని, ఇప్పటికే తనిఖీ పరిధిలో ఉన్న చోట సేవను చేర్చడంలో ఉందని ఈ నమూనా చెబుతోంది.

మార్ఫిన్ సులభంగా ఇస్తే దారి మళ్లదా అన్న అనుమానం సహజం. గంజాయి, మత్తుమందులపై మన ప్రభుత్వం 2024లో ‘ఈగల్’ పేరిట ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసింది. ఈ వాతావరణంలో మార్ఫిన్ దస్త్రంపై సంతకం చేయడానికి అధికారులు వెనుకాడవచ్చు. అయితే కోజికోడ్ క్లినిక్ ద్వారా రెండేళ్లలో 1723 మంది రోగులు ఇళ్ల వద్దనే మార్ఫిన్ వాడగా, ఒక్క దుర్వినియోగం కూడా దృష్టికి రాలేదని 2001లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన అధ్యయనం పేర్కొంది. లెక్క రాసే వైద్యుడు, లెక్క చూసే అధికారి ఉన్నచోట మందు దారి తప్పే అవకాశం బహు తక్కువ.

మోస్తున్నది ఎవరు?

ప్రభుత్వం పెట్టని ఖర్చు మాయమైపోదు. చేతులు మారుతుంది. కావలి తీరం నుంచి నెల్లూరుకు 50 కిలోమీటర్ల పైమాటే. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. నొప్పి మాత్రల కోసం రోగి వెంట ఒకరు ప్రయాణమైతే ఆ రోజు కూలి పోయినట్లే, పడవలో ఒక మనిషి తక్కువైనట్లే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధ కాలంలో మత్స్యకార కుటుంబానికి సముద్రం నుంచి రాబడే ఉండదు. ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో రూ.20 వేలకు పెంచారు. పొయ్యి వెలగడానికి ఉద్దేశించిన ఆ మొత్తం రోగి ఉన్న ఇంట్లో కార్ల అద్దెకూ, మందులకూ కరిగిపోతే ఆ కుటుంబం తినేదేమిటి? ఇంటి ఆడబిడ్డ చేపల గంప పక్కన పెట్టి మంచం దగ్గర కూర్చుంటే ఆ రోజుల కూలికి ఏ పద్దులోనూ చోటు లేదు.

పేద దేశాల్లో ఉపశమన వైద్యానికి అవసరమైన కనీస సేవల ప్యాకేజీకి ఏటా తలకు సుమారు 3 డాలర్లు సరిపోతాయని 2017లో లాన్సెట్ కమిషన్ అంచనా వేసింది. మందులు, పరికరాలు, సిబ్బంది అన్నీ కలిపి లెక్క ఇది. అందులో అనుమతి, తనిఖీల వాటా అత్యల్పమన్నది పైన వేసిన పనిదినాల లెక్కే చెబుతోంది.

చేయాల్సిందేమిటి?

జిల్లా యంత్రాంగం తలచుకుంటే కొత్త చట్టం కోసం ఎదురుచూడకుండానే కొన్ని పనులు పూర్తి చేయవచ్చు.

* నెల్లూరు సర్వజనాసుపత్రి, కావలి ఏరియా ఆసుపత్రి, తీర మండలాల సామాజిక ఆరోగ్య కేంద్రాలలో ఏయే సంస్థలకు మార్ఫిన్ గుర్తింపు ఉందో, ఏ వాటికి లేదో జాబితా ప్రకటించాలి. లేనివాటికి ఒకే విడతలో దరఖాస్తు చేయించాలి.

* ప్రతి సంస్థ నుంచి ఇద్దరు వైద్యులకు శిక్షణ ఇప్పించాలి. బదిలీ సమయంలో ఒకరైనా మిగిలేలా చూడాలి. ఈ వ్యయాన్ని జాతీయ ఆరోగ్య మిషన్ వార్షిక ప్రణాళికలో రాష్ట్రం తప్పక చేర్చాలి.

* ఉచిత సేవ చేసే హాస్పిస్‌లకు రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించి, వైద్య ఆరోగ్య, ఔషధ నియంత్రణ, కాలుష్య నియంత్రణ, అగ్నిమాపక శాఖల దరఖాస్తులను ఒకే చోట స్వీకరించాలి. జవాబు ఎన్ని రోజుల్లో వస్తుందో ముందే చెప్పాలి.

* ఏడాదికొకసారి జరిపే తనిఖీ నివేదికను ప్రజలకు అందుబాటులో ఉంచాలి. లోపాలు కప్పిపుచ్చితే నష్టపోయేది నోరులేని రోగులే.

* గ్రామ ఆరోగ్య కేంద్రాల సిబ్బంది, ఆశా కార్యకర్తల ద్వారా మంచం పట్టిన రోగుల పేర్లు నమోదు చేసి, సమీప గుర్తింపు పొందిన సంస్థకు అనుసంధానించాలి.

ఇందులో దేనికీ కోట్ల రూపాయలు అక్కరలేదు. వివిధ శాఖల అధికారులు ఒక మధ్యాహ్నం కలెక్టరేట్‌లో కూర్చుంటే మొదటి జాబితా సిద్ధమవుతుంది. గౌరవంగా మరణించే హక్కు జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు చెప్పింది. ఆ తీర్పు పట్టపుపాళెం గుడిసె దాకా రావాలంటే, కావలి నుంచి కృష్ణపట్నం వరకు రోగి ఇంటికి ఒక బస్సు దూరంలో మార్ఫిన్ బీరువా ఒకటి ఉండాలి. దాని తాళం శిక్షణ పొందిన వైద్యుని చేతిలో ఉండాలి. ఏడాదికొకసారి వచ్చి ఆ బీరువా తెరచి లెక్క చూసే అధికారి ఉండాలి. ప్రభుత్వం పెట్టాల్సిన ఖర్చు ఇంతే. మరి ఆ జాబితా ఎప్పటికి సిద్ధమవుతుందో జిల్లా యంత్రాంగమే చెప్పాలి.